ఎడమ మలుపులో నీలిపొగ

మా అక్క కారు పొగ వదిలిందని ఫోన్ వచ్చినప్పుడల్లా నాకు లోపల సంతోషంగా ఉండేది. సిగ్గుపడాల్సిన మాటే ఇది. ముప్పయ్యేళ్ళుగా బండ్ల జబ్బులు నయం చేసి బతుకుతున్న మెకానిక్‌ని, ఒక బండి మాత్రం నయం కాకుండా ఉంటే బాగుండునని కోరుకోవడం ఏం బుద్ధి? కానీ ఆ రెండేళ్ళూ అదే కోరుకున్నాను. పొగ వస్తే అక్క వస్తుంది. పొగ ఆగితే అక్కకు నాతో పని లేదు.

నా షెడ్డు భద్రాచలం దాటి దుమ్ముగూడెం వైపు పోయే రోడ్డు పక్కన ఉంది. వెనక మిరప చేలు, వాటి వెనక అడవి. నా దగ్గరికి వచ్చేవి ట్రాక్టర్లు, వరికోత మిషన్లు, ఎండాకాలం తునికాకు మోసే వ్యాన్లు. అలాంటి చోటికి ఒక ఆదివారం పొద్దున పసుపు రంగు స్పోర్ట్స్ కారు ఒకటి వచ్చింది. రెండే సీట్లు. నేలకు జానెడు ఎత్తు. నా షెడ్డు ముందున్న స్పీడ్ బ్రేకర్‌ని నేరుగా ఎక్కలేక ఏటవాలుగా, పీతలాగా పక్కకు పాకుతూ దాటింది. ట్రాక్టర్ బాగయ్యేదాకా కూర్చుందామని వచ్చిన ఒక పెద్దాయన దాన్ని కిందికీ మీదికీ చూసి, "గిది కూసొని నడుపుతరా, పండుకొని నడుపుతరా?" అని అడిగాడు. ఇంతలో డోరు తెరుచుకుంది. ఒక చేత్తో పైకప్పు పట్టుకుని, ఇంకో చెయ్యి మోకాలి మీద వేసి, "అమ్మా" అనుకుంటూ దిగింది మా అక్క. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. మాట్లాడుకోక తొమ్మిదేళ్ళయింది.

బాగున్నవా అని అడగలేదు. నేనూ అడగలేదు.

"ఇంజన్ పొగ పెడుతున్నది. చూస్తవా?" అంది.

"చూస్త" అన్నాను.

తొమ్మిదేళ్ళ మౌనం ఆ రెండు మాటలతో అయిపోయింది. అయిపోయిందని నేననుకున్నాను.

ఆ మౌనం ఎందుకొచ్చిందో ముందే చెప్పేస్తాను. నాన్న చివరి రోజుల్లో నా దగ్గరే ఉన్నాడు. ఆయన్ని దవాఖానాలో చేర్చిన రోజు ఖమ్మంలో ఉన్న అక్కకు ఫోన్ చేశాను. ఆ వారమే అక్క కూతురి నిశ్చితార్థం. "జ్వరం వచ్చింది. మందులిస్తున్నరు. ఏం పర్వాలేదు" అన్నాను. "నేను రావాల్నారా?" అని అడిగింది. డాక్టర్ మొహం చూశాక నాకు సంగతి అర్థమయ్యే ఉంది. అయినా "నీ ఇష్టం" అన్నాను. పెళ్ళివారి హడావుడిలో ఉన్న మనిషిని రమ్మని ఎలా పిలవాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే ఎవరినైనా సరే, రమ్మని పిలవడం నాకు రాదు. పిలిచి, వాళ్ళు రాకపోతే ఆ తర్వాత ఎలా ఉండాలో తెలియదు. అందుకే పిలవను. నాన్న మూడో రోజు తెల్లవారుజామున పోయాడు. ఆ మూడు రోజులూ తలుపు చప్పుడైనప్పుడల్లా అటే చూశాడు. అక్క వచ్చేసరికి ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టేశాం. "రా అన్న ఒక్క మాట నీ నోట్లకెల్లి రాలేదారా?" అంది పదిమంది ముందు. దినాలు అయ్యాక వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

కూతురి పెళ్ళికి కార్డు పంపింది. పోయాను. తిన్నాను. అక్క తిన్నావా అని కూడా అడగలేదు. ఆ తర్వాత విడిభాగాల కోసం ఖమ్మం వెళ్ళిన ప్రతిసారీ పని లేకపోయినా వాళ్ళ వీధిలోంచి నడిచేవాణ్ణి. మిర్చి బస్తాలు దిగే రోజుల్లో ఆ వీధిలో తుమ్ములు ఆగవు. మూతికి తువ్వాలు కట్టుకుని నడిస్తే ఎవరూ గుర్తు పట్టరు. వాళ్ళ మేడ మీద ఆరేసిన చీర కనిపిస్తే, ఫర్వాలేదు, బాగానే ఉందనుకుని బస్సెక్కేవాణ్ణి.

ఇక కారు సంగతి. నాన్న వెదురు లారీ నడిపేవాడు. అడవిలోంచి వెదురు గడలు ఎత్తుకుని బయటికి తెచ్చే లారీ. సెలవుల్లో మా ఇద్దర్నీ ముందు ఎక్కించుకునేవాడు. నాకు ఇంజన్ చప్పుడు ఇష్టం, అక్కకు స్టీరింగ్ ఇష్టం. రోడ్డు తిన్నగా ఉన్నచోట అక్కను ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగ్ ఇచ్చేవాడు. "నేను డ్రైవర్ అయిత" అనేది. నాన్న నవ్వేవాడు. పదో తరగతి అయ్యాక పెళ్ళి చేశాడు. బావది మిర్చి వ్యాపారం, మంచివాడు. పిల్లలు స్థిరపడి, యాభై దాటాక, తోటివాళ్ళు కాశీ ప్రయాణాలు పెట్టుకునే వయసులో అక్క హైదరాబాద్‌లో ఎవరి దగ్గరో ఈ పాత కారు కొన్నది. బావ ఏమీ అనలేదు. అనే ధైర్యం ఆయనకు పెళ్ళయిన రోజు నుంచీ లేదు.

తమిళనాడు వైపు కార్లు పరిగెత్తించే ఒక ట్రాక్ ఉంది. పందెం లేని రోజుల్లో ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని, రుసుము కట్టి, తనివితీరా తిప్పుకోవచ్చు. రెండు నెలలకోసారి అక్క తన కారును లారీ మీద ఎక్కించి అక్కడికి పంపేది, తను రైల్లో వెళ్ళేది. అంతా బాగానే ఉండేదట, ఒక్క మలుపు తప్ప. పొడుగాటి ఎడమ మలుపు ఒకటి. స్టీరింగ్ తిప్పి అలాగే పట్టుకుని పోతూ ఉండాలి. అది దాటి యాక్సిలరేటర్ తొక్కగానే వెనక నీలిపొగ బుస్సుమని లేస్తుంది. పక్కన నిలబడే ట్రాక్ వాళ్ళు నారింజ చుక్క ఉన్న నల్ల జెండా చూపిస్తారు. ఆ జెండాకు అర్థం, నీ బండిలో లోపం ఉంది, వెంటనే పక్కకు రా అని. ఖమ్మంలో ఇద్దరు మెకానిక్‌లు చూశారు, కుదరలేదు. మూడోవాడి దగ్గరికి పోయే బదులు నా దగ్గరికి వచ్చింది. ఎందుకొచ్చావని నేను అడగలేదు.

నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువ తాగుతోందని అర్థం. తెల్లపొగ ఆగకుండా వస్తుంటే నీళ్ళు. నీలిపొగ అయితే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టు. అది ట్రాక్టర్‌కైనా అంతే, స్పోర్ట్స్ కారుకైనా అంతే. ఆయిల్ ఎలా పైకి పోతోందన్నదే ప్రశ్న. మొదట పిస్టన్ రింగులు అరిగాయేమోనని కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, చూశాను. నాలుగు సిలిండర్లూ గట్టిగా ఉన్నాయి. తర్వాత వాల్వ్ సీళ్ళు మార్చాను. అక్క ట్రాక్‌కు పోయింది. మూడో రోజు ఫోన్.

"మళ్ళ వచ్చింది రా పొగ."

"అట్లనా. అయితే ఆదివారం పట్కరా, చూద్దాం" అన్నాను. కారును రమ్మనడం నాకు బాగానే వచ్చు.

ఇంజన్ కింద భాగంలో ఒత్తిడి పెరగకుండా ఒక గొట్టం ఉంటుంది. లోపలి ఆవిరి అందులోంచి పైకి పోయి, పీల్చే గాలిలో కలిసి కాలిపోతుంది. మామూలు రోడ్డు మీద అంతా సవ్యంగా జరుగుతుంది. అదే ట్రాక్ మీద పొడుగాటి మలుపులో ఆయిలంతా ఒక పక్కకు ఎగదన్నుకుని, ఆ గొట్టంలోకి ఎక్కి, ఆవిరితో పాటు తానూ పోతుంది. అది కాలితేనే నీలిపొగ. ఇక్కడిదాకా నాకు అర్థమైంది. పట్టణాల్లో ఇందుకు డబ్బా ఒకటి అమ్ముతారు, ఆ గొట్టానికి మధ్యలో పెడితే ఆయిల్ అందులో ఆగిపోతుంది. నేను కొనలేదు, తయారు చేశాను. చిన్న స్టీల్ నీళ్ళ సీసాకు రెండు వైపులా గొట్టాలు అతికించి, లోపల గిన్నెలు తోమే స్టీల్ పీచు కుక్కాను. అక్క దాన్ని చూసి పగలబడి నవ్వింది. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ నవ్వు విన్నాను. ముక్కు పైకి లేపి, పళ్ళన్నీ కనిపించేట్టు, అచ్చం నాన్న నవ్వు. నేను ఇటు తిరిగి పానా వెతుక్కుంటున్నట్టు నటించాను.

సీసా పని చేసింది, కానీ నాలుగు రౌండ్లకే నిండిపోయి పొంగింది. పొగ ఆగలేదు. ఆ గొట్టం మొదట్లో ఉండే చిన్న వాల్వ్ మార్చాను. అయినా తగ్గలేదు. ఆయిల్ అడుగున అటూ ఇటూ కదలకుండా రేకు అడ్డం పెట్టించాను. కాస్త తగ్గింది. అలా రెండేళ్ళు గడిచాయి.

ఆ ఆదివారాలు ఎంత బాగుండేవో చెప్పడం నాకు చేతకాదు. అక్క పొద్దున్నే ఖమ్మంలో బయల్దేరేది. పాల్వంచ దాటాక ఫోన్ చేసి "టీ పెట్టు" అనేది, అంతే. గోదావరి వంతెన మీద ఆ చిన్న కారు ఇంజన్ చప్పుడు ఎలా ఉంటుందో నేను వినలేదు కానీ, ఆ టైముకు స్టవ్ ముందు నిలబడి వింటున్నట్టే ఉండేవాణ్ణి. క్యారియర్‌లో దోసకాయ పప్పు, దొండకాయ వేపుడు తెచ్చేది. బోర్లించిన ఆయిల్ డ్రమ్ము మీద కూర్చుని, నేను కారు కిందికి దూరితే బయటికి కనిపించే నా కాళ్ళతో మాట్లాడేది. "గా నట్టు జాగ్రత్త", "గట్ల గుంజకు", "నీకు అద్దాలు మార్చాలె, కండ్లు గుంజుతున్నయ్". ఇప్పపూల వాసన అడవి వైపునుంచి వచ్చే రోజుల్లో మాటలు ఆపేసి అలాగే కూర్చునేది. నాన్న మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు. ఎత్తితే ఆ ఫోన్ కాల్ దగ్గరికే పోవాలి. అందుకే రెండేళ్ళూ ఇంజన్ గురించే మాట్లాడుకున్నాం.

నాన్న మాట ఎత్తకపోయినా, ఆయన అలవాటు ఒకటి నా చేతుల్లో ఉండిపోయింది. అడవిలోకి పోయే ముందు నాన్న ఇంజన్‌లో ఒక గ్లాసు ఆయిల్ ఎక్కువ పోసేవాడు. లోపల ఆయిల్ దొరకదు, పాత ఇంజన్ దారిలో తాగుతుంది, అందుకని. పోసేముందు, ఆయిల్ ఎంతుందో చూపే గేజీ పుల్ల తీసి చూసేవాడు. పోశాక మాత్రం చూడనిచ్చేవాడు కాదు. "పోసినంక చూడొద్దు" అనేవాడు, ఒకరికి పెట్టిన అన్నం వంక చూడకూడదన్నట్టు. ఈ చుట్టుపక్కల పాత లారీ డ్రైవర్లందరికీ ఉన్న అలవాటే అది. నేను నా షెడ్డులోంచి దూరం పోయే ప్రతి బండికీ అలాగే పోస్తాను. అక్క కారు ట్రాక్‌కు బయల్దేరే ముందు ఆయిల్ గుర్తుదాకా నింపి, ఆపైన ఒక గ్లాసు పోసి, గేజీ చూడకుండా బానెట్ మూసేవాణ్ణి. ఒక్క గ్లాసుకు ఏ ఇంజనూ చెడిపోదు. ఆ సంగతి నాకు తెలుసు.

కిందటి శీతాకాలం అక్క ఫోన్ గొంతు వేరేగా ఉంది. ట్రాక్ వాళ్ళు చివరి మాట చెప్పారట. ఆయిల్ కారి రోడ్డు మీద పడితే వెనక వచ్చే కార్లు జారతాయి, ప్రాణాలతో పని, ఇంకొక్కసారి పొగ వస్తే ఈ కారును లోపలికి రానిచ్చేది లేదన్నారట. వాళ్ళన్నదాంట్లో తప్పులేదు. "ఇగ అమ్మేస్త రా" అంది. "నాకు గూడ మోకాళ్ళు నొస్తున్నయ్. గీ ఒక్కసారి చూస్త, రాకుంటే ఉంచుకుంట, వస్తే అమ్మేస్త."

బాగు కాకపోతే కారు పోతుంది, కారుతో పాటు అక్క రాకపోకలూ పోతాయి. బాగయితే అక్కకు నాతో పని ఉండదు. ఎటు తిరిగినా నాకు మిగిలేది ఖాళీ డ్రమ్మే. కానీ అక్క స్టీరింగ్ పట్టుకున్నప్పుడు ఆమె మొహం చూసినవాణ్ణి. ఒకసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని దుమ్ముగూడెం దాకా తీసుకుపోయింది. ఆ అరగంట ఆమెకు యాభై ఆరేళ్ళు లేవు. అది ఆమె దగ్గర్నుంచి పోకూడదు. ఇక దొంగ సంతోషాలు చాలనుకున్నాను.

"నువ్వు గూడ రా ఈసారి. నీ కండ్లతోని చూద్దువు" అంది. అక్కకు ఆ మాట ఎంత సులువుగా వస్తుందో! నేను షెడ్డుకు తాళం వేసి వెళ్ళాను.

అక్కడ పొద్దున్నే షెడ్ల వరసలో కార్లన్నీ నిలబడి ఉన్నాయి. కుర్రాళ్ళ కార్లు, డబ్బున్నవాళ్ళ కార్లు. మధ్యలో మా పసుపు కారు, దానికి నా స్టీల్ సీసా. నేను టైర్లలో గాలి చూసి చేతులు కడుక్కోవడానికి పోయి వచ్చేసరికి అక్క బానెట్ ఎత్తి నిలబడి ఉంది. హెల్మెట్ చంకలో ఉంది. సంచిలోంచి స్టీల్ గ్లాసు తీసింది. డబ్బాలోంచి ఆయిల్ ఆ గ్లాసు నిండా వంచింది. గేజీ బయటికి తీయకుండానే ఇంజన్‌లో పోసి, మూత బిగించి, పెదవులు కదిలిస్తూ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

నేను నడుస్తున్నవాణ్ణి ఆగిపోయాను.

"అక్కా, ఏం పోసినవ్?"

"ఆయిల్."

"ఎందుకు?"

పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి అడిగినట్టు మొహం పెట్టింది. "నాన్న చెప్పిండు కదరా. పొయ్యేముందు ఒక గ్లాస్ పొయ్యాలె."

"ఎప్పటి నుంచి పోస్తున్నవ్?"

"ఎప్పుడూ పోస్త. మొదటి రోజు నుంచి. ఏందిరా, ఏమైంది?"

గేజీ తీసి చూడాలంటే చెయ్యి ఆడలేదు. పోశాక చూడొద్దన్న మాట నాకు కూడా అంత లోతుగా పట్టి ఉంది. చివరికి కళ్ళజోడు సర్దుకుని లాగాను. ఆయిల్ పై గుర్తు దాటి, ఇంకా పైకి, గేజీ పుల్ల మీద రెండు వేళ్ళ ఎత్తు ఉంది. అక్కడ షెడ్డులో నేనొక గ్లాసు, ఇక్కడ ట్రాక్ దగ్గర తనొక గ్లాసు. ట్రాక్టర్‌కైతే అది లెక్కలోకి రాదు. నాలుగు లీటర్లు పట్టే ఈ చిన్న ఇంజన్‌లో అరలీటరు ఎక్కువైతే, తిరిగే ఇరుసు ఆ ఆయిల్‌ని గిలక్కొట్టి నురగ చేస్తుంది. ఎడమ మలుపులో ఆ నురగంతా ఎగదన్నుకుని గొట్టంలోకి పోతుంది. కారు తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి ఎక్కువైనదంతా కాలిపోయో, సీసాలోకి పోయో ఉండేది. గేజీ చూస్తే మామూలుగా కనిపించేది. నా దగ్గరికి రాకముందు తన గ్లాసు ఒక్కటే ఆ మలుపులో పొగ తెప్పించి ఉంటుంది, ఆపైన నేనొకటి చేర్చి రెండేళ్ళు ఇంజన్‌ని తప్పు పట్టాను.

"నేను గూడ పోస్తనే అక్కా, షెడ్ల" అన్నాను.

అక్క నన్ను చూసింది. గ్లాసును చూసింది. నవ్వడం మొదలుపెట్టింది. నేనూ నవ్వాను. పక్క కారు కుర్రాళ్ళు మా వంక తిరిగి చూశారు. నవ్వుతూ నవ్వుతూ ఆమె గొంతు మారింది. హెల్మెట్ కారు మీద పెట్టి, చీర కొంగు లేదు కాబట్టి చొక్కా చేతి అంచుతో కళ్ళు తుడుచుకుంది. "పోసినంక చూడొద్దన్నడు గదా, నేను చూడలే" అంది. పదకొండేళ్ళ తర్వాత మా ఇద్దరి మధ్య నాన్న మాట వచ్చింది. ఇంకాసేపు ఉంటే ఆ ఫోన్ కాల్ మాట కూడా వచ్చేదేమో. కానీ ఇంకో అరగంటలో అక్క కారు వంతని మైకులో పిలిచారు.

గేజీ పుల్ల పోయే సన్నటి దారిలోంచి గొట్టం దూర్చి, చేతి పంపుతో ఆయిల్ లాగేశాను. ఇంజన్ వేడి చేసి, చదునైన చోట ఆపి, పది నిమిషాలు ఆగి మళ్ళీ చూశాను. పై గుర్తుకు కాస్త కిందకు తెచ్చాను. మరీ తగ్గిస్తే మలుపులో ఇంజన్‌కు ఆయిల్ అందదు, అదీ ప్రమాదమే. "ఇగ ఎవ్వరూ ఏం పొయ్యొద్దు. నువ్వు పొయ్యకు, నేనూ పొయ్యను" అన్నాను. అక్క తలూపి హెల్మెట్ పెట్టుకుంది.

ఎడమ మలుపు కనిపించే చోట కంచె పట్టుకుని నిలబడ్డాను. మొదటి రౌండ్ వచ్చింది. మలుపు తిరిగింది, తిన్నని రోడ్డు ఎక్కింది, వేగం పెంచింది. వెనక గాలి తేటగా ఉంది. రెండో రౌండ్, మూడో రౌండ్, పదో రౌండ్. జెండా పట్టుకున్న మనిషి జెండా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ప్రతి రౌండ్‌లో అక్క నా ముందునుంచి పోయేటప్పుడు ఆ హెల్మెట్ లోపల మొహం ఎలా ఉందో నాకు తెలుసు. లారీలో నాన్న ఒళ్ళో కూర్చుని రోడ్డు చూసిన మొహమే. చేతులెత్తి ఊపాను. సంతోషంతో కళ్ళు నిండాయి. ఇక ఆదివారాలు అయిపోయాయని కూడా అప్పుడే తెలిసింది.

అయిపోయాయి. ఆయిల్ మార్చడం ఖమ్మంలో ఎవరైనా చేస్తారు. స్టీల్ సీసా ఖాళీ చేయాల్సిన పని లేదు, అందులో తడి తప్ప ఏమీ చేరడం లేదు. తర్వాతి ట్రాక్ రోజున అక్క వీడియో పంపింది. మలుపు దాటుతున్న పసుపు కారు, వెనక ఏమీ లేదు. "నీ పుణ్యం రా తమ్ముడూ" అని రాసింది. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో. పొగ లేదని కాదు, దాని చివర్న అక్క గొంతు ఒక్క క్షణం వినిపిస్తుంది, అందుకు.

మిర్చి కోతలు అయ్యాయి. తునికాకు కట్టలు రోడ్డు పక్క కళ్ళాల్లో ఆరాయి, లారీలెక్కాయి. ఆదివారం పొద్దున టీ పెట్టుకుని, ఎప్పటిలాగే ఇద్దరికి సరిపడా నీళ్ళు పోసి, రెండో కప్పు చల్లారాక పారబోసేవాణ్ణి. మొదటి వాన పడ్డాక ఉండబట్టలేక ఫోన్ చేశాను. బెల్టు పాతబడి ఉంటుంది, ఒకసారి చూపించమన్నాను. మార్పించానంది. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ చేశాను. కూలెంట్ నీళ్ళు అన్నాను. అదీ మార్పించిందట. మూడోసారి చేసినప్పుడు ఆవిరి గొట్టం రబ్బరు పగిలి ఉంటుంది, వానల్లో జాగ్రత్త అన్నాను.

అటువైపు వాళ్ళ వీధిలో ఆటో హారన్ వినిపించింది.

"గొట్టం మంచిగనే ఉన్నది. నేనే చూసిన" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "కారుకు ఏం గాలె. నీకేం గావాల్నో అది చెప్పు."

నేను షెడ్డు బయటికి వచ్చి నిలబడ్డాను. పంక్చర్ వేయించుకోవడానికి వచ్చినవాడు లోపల కూర్చుని ఉన్నాడు, వాడు వింటాడని. నోరు ఎండిపోయింది. ఆ రోజు దవాఖానా వరండాలో కూడా ఇలాగే ఎండిపోయింది. ఆ రోజు అక్క నేను రావాల్నా అని అడిగింది, ఈ రోజు అదీ అడగలేదు. ఆమె ఫోన్ పెట్టేస్తుందేమోనని భయం వేసింది. అయినా పెట్టలేదు. ఫోన్ చెవికి పెట్టుకుని అక్కడ ఎదురుచూస్తూనే ఉంది.

"రా అక్కా" అన్నాను.

"ఎందుకు?"

"ఊరికే. చూడబుద్దయితున్నది."

ఆమె తలుపు దగ్గరికి వేసుకున్న చప్పుడు వినిపించింది.

"పదకొండేండ్లు పట్టిందారా నీకు గీ మాటకు" అంది. తిట్టినట్టు లేదు, ఏడ్చినట్టూ లేదు. "ఆదివారం వస్త. బస్సుల వస్త, కారు తేను."

ఆదివారం షెడ్డు తెరవలేదు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని భద్రాచలం బస్టాండుకు పోయాను. ఏ బస్సుకు వస్తుందో అక్క చెప్పలేదు, నాకు అడగాలని తోచలేదు. అందుకని ఖమ్మం నుంచి వచ్చే మొదటి బస్సు దగ్గర్నుంచే నిలబడ్డాను.